కొలిచిందెవరు, ఎక్కడి నుంచి? వర్చువల్ సర్వర్ల అలర్టులపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి ఉన్నాయి. వర్చువల్ మెషీన్లుగా (వీఎంలుగా), అంటే ఒకే భౌతిక యంత్రాన్ని పంచుకునే సాఫ్ట్‌వేర్ యంత్రాలుగా, నడుస్తున్న సర్వర్ల మీద మానిటరింగ్ వ్యవస్థ వేళాపాళా లేకుండా అలర్టులు పంపుతోందనీ, లేచి చూస్తే ఏమీ ఉండడం లేదనీ, అలాగని పట్టించుకోకుండా వదిలేయడానికి ధైర్యం చాలడం లేదనీ రాశారు. విడివిడిగా జవాబు చెప్పేముందు ఒక్క మాట. భౌతిక సర్వరులో సీపీయూ, మెమరీ, డిస్కు ఆ యంత్రం సొంతం. వీఎంలో అవన్నీ నలుగురితో పంచుకున్నవి. అందువల్ల ప్రతి అంకెకూ రెండు లెక్కలుంటాయి: వీఎం లోపలి నుంచి చూసిన లెక్క ఒకటి, ఆ వీఎంలను మోస్తున్న భౌతిక యంత్రం, అంటే హోస్టు మీది నుంచి చూసిన లెక్క ఒకటి. పనికిరాని అలర్టుల్లో చాలావాటికి మూలం ఈ రెండింటికీ పొంతన కుదరకపోవడమే. కాబట్టి థ్రెషోల్డ్ (అలర్టు మోగే హద్దు) పెంచాలా తగ్గించాలా అని ఆలోచించేకంటే ముందు, ఈ అంకెను కొలిచిందెవరు, ఎక్కడి నుంచి కొలిచారు అని అడగడం నాకు అలవాటు.

ప్రశ్న: మా సంస్థలో 60 వరకూ వీఎంలు ఉన్నాయి. రాత్రి 1 గంట దాటిన దగ్గర నుంచి ఒక్కొక్క సర్వరూ 'డౌన్' అని అలర్టు వస్తుంది, రెండు నిమిషాలు తిరగకుండానే 'కోలుకుంది' అని మరొకటి వస్తుంది. లాగిన్ అయి చూస్తే అప్‌టైమ్ 90 రోజులకు పైనే ఉంటుంది, లాగుల్లో ఏమీ కనబడదు. నెట్‌వర్క్ వాళ్లు తమవైపు లోపం లేదంటున్నారు. రాత్రి 1 నుంచి 4 వరకూ అలర్టులు ఆపేయమని మా లీడ్ అంటున్నారు. ఆపేయవచ్చా?

జవాబు: ఆపేయకండి. అప్‌టైమ్ సంగతి మీరు రాయడం చాలా మేలు చేసింది. సర్వరు రీబూట్ కాలేదని దాంతోనే తేలిపోయింది. అది పడిపోలేదు, కొద్దిసేపు బిగుసుకుపోయింది. ఒకదాని తర్వాత ఒకటిగా, రోజూ అదే వేళకు ఇలా జరుగుతోందంటే నా అనుమానం మొదట బ్యాకప్ మీదికే పోతుంది.

వీఎం స్థాయిలో బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్ ముందుగా స్నాప్‌షాట్ తీస్తుంది, అంటే ఆ క్షణంలో డిస్కు ఉన్న స్థితిని పట్టి ఉంచుతుంది. ఆ క్షణం నుంచి వీఎం రాసేదంతా అసలు డిస్కు ఫైలులోకి కాక, పక్కన తెరిచిన డెల్టా ఫైలులోకి పోతుంది. బ్యాకప్ ముగిశాక ఆ డెల్టాను తిరిగి అసలు డిస్కులో కలపాలి. కలపడం పూర్తయ్యే చివరి అంచెలో, మిగిలిన కొద్ది రాతలనూ చేర్చి దారి మళ్లించడానికి హైపర్‌వైజర్ (హోస్టు మీద వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) వీఎంను కాసేపు నిలిపేస్తుంది. మామూలు సర్వరులో ఇది సెకను లోపే అయిపోతుంది; ఎడతెరిపి లేకుండా రాస్తూ ఉండే డేటాబేస్ సర్వరులో, అందునా స్టోరేజి నెమ్మదిగా ఉన్న చోట, కొన్ని సెకన్లు పట్టవచ్చు. నిలిచిపోయిన వీఎంకు తాను నిలిచిపోయిన సంగతే తెలియదు కనుక దాని లాగుల్లో మీకేమీ దొరకలేదు. బయటి నుంచి పలకరిస్తున్న మానిటరింగ్ సర్వరుకు మాత్రం జవాబు రాలేదని తెలుస్తుంది. జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో, సర్వరు లోపల నడిచే ఏజెంటు జవాబు కోసం ఆగే గడువు డిఫాల్టుగా 3 సెకన్లే. వీఎం నాలుగు సెకన్లు నిలిచిందంటే ఆ తనిఖీ తప్పినట్టే.

ఊహతో సరిపెట్టుకోకుండా రుజువు చేసుకోండి. నిన్న రాత్రి వచ్చిన అలర్టుల్లో పదింటి సమయాలు ఒక కాగితం మీద వేసుకుని, హైపర్‌వైజర్ టాస్కుల జాబితాలో ఆయా వీఎంల స్నాప్‌షాట్ తొలగింపు ముగిసిన సమయాలను వాటి పక్కన రాయండి. హైపర్‌వైజర్‌గా వీఎంవేర్ వాడుతుంటే ఇంకా కచ్చితమైన ఆధారం ఉంది. ప్రతి వీఎం ఫోల్డరులోనూ ఉండే 'వీఎంవేర్ డాట్ లాగ్' ఫైలులో 'చెక్‌పాయింట్ అన్‌స్టన్' అనే మాట కోసం వెతకండి. వీఎం ఎన్ని మైక్రోసెకన్లు ఆగిందో ఆ వరుసలోనే రాసి ఉంటుంది. అక్కడ 43,00,000 అని కనబడితే 4.3 సెకన్లన్న మాట. ఆ ఒక్క వరుస చూపిస్తే నెట్‌వర్క్ వాళ్లతో వాదన అక్కడితో ముగుస్తుంది.

ఇక చికిత్స. ఒక్క తనిఖీ తప్పగానే ఎవరినీ నిద్ర లేపకూడదు. నాగియోస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో వరుసగా మూడు నాలుగు ప్రయత్నాలు విఫలమైతేనే తాత్కాలికమైన సాఫ్ట్ స్థితి ఖాయమైన హార్డ్ స్థితిగా మారి కబురు వెళ్లేలా పెట్టవచ్చు. అలాంటిదే అయిన ప్రొమీథియస్‌లో అలర్టు నియమానికి 'ఫర్' గడువు (లోపం అంతసేపు కొనసాగితేనే మోగాలన్న షరతు) 3 నుంచి 5 నిమిషాలు ఇస్తే అదే ఫలితం వస్తుంది. దాంతోపాటు కారణాన్ని కూడా తగ్గించండి. ఒకే డేటాస్టోర్ (వీఎంల డిస్కు ఫైళ్లు ఉండే స్టోరేజి) మీద ఒకేసారి ఎన్ని బ్యాకప్‌లు నడవవచ్చో పరిమితి పెట్టండి, ఎక్కువగా రాసే డేటాబేస్‌లను స్నాప్‌షాట్‌తో కాక వాటి సొంత బ్యాకప్ పద్ధతిలో తీయడం గురించి ఆలోచించండి. నాలుగు సెకన్ల విరామం మానిటరింగుకు చిరాకు మాత్రమే కావచ్చు, క్లస్టర్‌లో ఉన్న డేటాబేస్‌కు మాత్రం తోటి నోడు చనిపోయిందని నమ్మడానికి అది చాలు.

మీ లీడ్ సూచనకు నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే: రోజు మొత్తంలో మీ స్టోరేజి మీద ఎక్కువ ఒత్తిడి పడేది ఆ మూడు గంటల్లోనే. నిజంగా ఏదైనా విరిగితే అప్పుడే విరిగే అవకాశం ఎక్కువ. ఆ వేళనే చెవులు మూసుకోవడం సరైన పని కాదు.

ప్రశ్న: లినక్స్ వీఎం ఒకదానిలో లోడ్ ఏవరేజ్ 30 దాటిందని రోజూ అలర్టు వస్తుంది. చూస్తే సీపీయూ 90 శాతం ఖాళీగా ఉంటుంది. మరో వీఎంలో దీనికి తిరగబడి, లోపల అంతా నత్తనడకగా ఉంటుంది కానీ సీపీయూ వాడకం 60 శాతం దాటదు, అలర్టే రాదు. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే చెబుతున్నాయి, మీరు అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పడం లేదు.

మొదటిది తీసుకుందాం. లినక్స్‌లో లోడ్ ఏవరేజ్ అంటే సీపీయూ కోసం వరుసలో నిలబడ్డ ప్రాసెస్‌ల సంఖ్య ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. 1993లో చేసిన మార్పు నుంచి, డిస్కు జవాబు కోసం కదలకుండా కూర్చున్న ప్రాసెస్‌లను కూడా అందులో కలుపుతున్నారు. 'పీఎస్' జాబితాలో స్థితి గడిలో 'డీ' అక్షరంతో కనబడేవి ఇవే. మీ వీఎంలో ముప్ఫై ప్రాసెస్‌లు తెగిపోయిన ఎన్ఎఫ్ఎస్ మౌంటు (నెట్‌వర్క్ ద్వారా తగిలించిన డిస్కు) కోసమో, నెమ్మదించిన డేటాస్టోర్ కోసమో ఎదురుచూస్తూ ఉండి ఉండవచ్చు. అలర్టు వచ్చిన వేళ 'డీ' స్థితిలో ఉన్నవేమిటో చూస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది. లోడ్ ఏవరేజ్‌ను గ్రాఫులో ఉంచండి, దాని మీద మాత్రం అర్ధరాత్రి అలర్టు పెట్టకండి. డిస్కు స్పందనకు పట్టే సమయం మీద పెడితే అదే విషయం తిన్నగా తెలుస్తుంది.

రెండోది ఎక్కువ ప్రమాదకరం, అలర్టు రావలసిన చోట రాలేదు కాబట్టి. వీఎంకు ఇచ్చిన వర్చువల్ సీపీయూ పనికి సిద్ధంగా ఉన్నా, హోస్టులోని అసలు సీపీయూ ఇతర వీఎంల చేతిలో ఉంటే దానికి వంతు రాదు. కేవీఎం, జెన్ అనే హైపర్‌వైజర్లు నడిచే హోస్టుల మీద ఈ పోగొట్టుకున్న సమయం గెస్టు (అంటే వీఎం) లోపల 'టాప్' ఆదేశంలో 'ఎస్‌టీ' అన్న గడిలో, అంటే స్టీల్ టైమ్‌గా కనబడుతుంది. వీఎంవేర్‌లో దీనికి హోస్టు వైపు నుంచి 'సీపీయూ రెడీ' అన్న కొలతను చూడాలి. ఆ అంకె మిల్లీసెకన్లలో ఉంటుంది కాబట్టి చూసినవాళ్లు భయపడడమో పట్టించుకోకపోవడమో చేస్తారు. లెక్క సులువే. రియల్ టైమ్ చార్టులో ఒక్కో నమూనా 20 సెకన్లది, అంటే 20,000 మిల్లీసెకన్లు. నాలుగు వర్చువల్ సీపీయూలున్న వీఎంకు 4,000 అని చూపిస్తే మొత్తం 20 శాతం, ఒక్కో సీపీయూకు 5 శాతం. ఒక్కో సీపీయూకు 5 శాతం దాటితే నేను గమనించడం మొదలుపెడతాను, 10 శాతం దగ్గర కదులుతాను. రోజువారీ చార్టులో నమూనా 5 నిమిషాలది కనుక భాగించవలసింది 20,000తో కాదు, 3,00,000తో. ఈ పొరపాటు వల్ల లేని సమస్యను ఉన్నట్టు చూసినవాళ్లు నాకు తెలుసు.

మందు కొంచెం వింతగా అనిపిస్తుంది. నెమ్మదిగా ఉందని వీఎంకు మరిన్ని సీపీయూలు ఇవ్వడం చాలాచోట్ల పరిస్థితిని ఇంకా దిగజారుస్తుంది, ఎందుకంటే కిక్కిరిసిన హోస్టు మీద ఎనిమిదింటికి వంతు దొరకడం నాలుగింటికి దొరకడం కంటే కష్టం. అక్కరకు మించి సీపీయూలు పెట్టుకున్న వీఎంల నుంచి కొన్ని వెనక్కి తీసుకోండి, లేదా కొన్ని వీఎంలను వేరే హోస్టుకు తరలించండి.

ప్రశ్న: మెమరీ 95 శాతం నిండిందని అన్ని లినక్స్ సర్వర్ల మీదా ఎర్ర గుర్తే. ర్యామ్ పెంచితే కొన్నాళ్లకు మళ్లీ అంతే. ఎంత ఇచ్చినా తినేస్తోంది.

జవాబు: తినడమే దాని స్వభావం. ఖాళీగా పడి ఉన్న మెమరీని లినక్స్ ఫైళ్ల కాష్ కోసం వాడుకుంటుంది, ఎవరైనా అడగ్గానే వదిలేస్తుంది. మీ తనిఖీ మొత్తంలోంచి 'ఫ్రీ' అంకెను తీసేసి మిగిలినదంతా వాడేసినట్టు లెక్కవేస్తోంది. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి 'అవైలబుల్' అన్న ప్రత్యేక అంకెను కెర్నలే ఇస్తోంది. స్వాప్ చేయకుండా, అంటే మెమరీలోని పేజీలను డిస్కుకు తరలించకుండా, కొత్త ప్రోగ్రాములకు ఎంత ఇవ్వగలదో అది చెబుతుంది. తనిఖీని దాని మీదికి మార్చండి. మీ ఎర్ర గుర్తుల్లో చాలా వరకూ ఆ రోజే పోతాయి. స్వాప్ ఎంత నిండింది అన్నదానికంటే, 'వీఎంస్టాట్'లో లోపలికీ బయటికీ స్వాప్ ఎడతెగకుండా కదులుతోందా అన్నది చూడండి. ఎప్పుడో బయటికి వెళ్లి అక్కడే పడి ఉన్న పేజీల వల్ల హాని లేదు.

వీఎం కాబట్టి ఇంకొకటి గమనించాలి. హోస్టులో మెమరీ కరువైతే బెలూన్ డ్రైవరు గెస్టు లోపల ఉబ్బి మెమరీని వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు వాడకం పెరిగినట్టు కనబడుతుంది, అన్ని ప్రాసెస్‌ల మెమరీ కూడినా ఆ మొత్తం రాదు. ఇలా ఏ ఖాతాలోనూ పడని మెమరీ కనబడితే గెస్టులో వెతకడం మాని హోస్టువైపు చూడండి.

ప్రశ్న: ఉబుంటు సర్వర్లలో 'స్నాప్' కింద ఉన్న డిస్కులు 100 శాతం నిండాయని అలర్టు పోవడం లేదు. ఏ ఫైళ్లు తీసేయాలి?

జవాబు: ఏమీ తీసేయకండి. అవి స్నాప్ ప్యాకేజీలకు చెందిన, స్క్వాష్ఎఫ్ఎస్ అనే చదవడానికి మాత్రమే పనికొచ్చే ఫైల్ సిస్టంలు. పుట్టుకతోనే నిండుగా ఉంటాయి. మౌంటు చేసిన ఐఎస్ఓ (సీడీ లేదా డీవీడీ నకలు ఫైలు) కూడా అంతే. స్క్వాష్ఎఫ్ఎస్, ఐఎస్ఓ రకాలను తనిఖీ నుంచి మినహాయించండి. ఒక్కొక్క దారి పేరు రాసి మినహాయిస్తే, ప్యాకేజీ అప్‌డేట్ అయిన ప్రతిసారీ దారిలోని సంఖ్య మారి అలర్టు తిరిగొస్తుంది.

ప్రశ్న: మా వీఎంలన్నిటిలో 'స్మార్ట్‌డీ' సర్వీసు విఫలమైందని వస్తుంది. ఉబుంటు 20.04 వీఎంలలో అయితే మల్టీపాత్ సందేశాలతో సిస్టం లాగు నిండిపోయి, లాగు పరిమాణం మీద వేరే అలర్టు వస్తోంది. డిస్కులు పాడవుతున్నాయా?

జవాబు: డిస్కులు బాగానే ఉన్నాయి. స్మార్ట్‌డీ పని భౌతిక డిస్కు ఆరోగ్యాన్ని కనిపెట్టడం. వర్చువల్ డిస్కు నిజానికి ఎక్కడో ఒక ఫైలు. దానికి అలాంటి ఆరోగ్య వివరాలు ఉండవు. చూడదగ్గ డిస్కు ఒక్కటీ దొరక్క సర్వీసు ఆగిపోతే, దాన్ని మీ మానిటరింగ్ వైఫల్యంగా చదువుతోంది. భౌతిక సర్వర్ల కోసం తయారుచేసిన టెంప్లేటును వీఎంలకూ తగిలించిన చోట ఇలాంటివి గుంపుగా కనబడతాయి: ఫ్యాను వేగం, ఉష్ణోగ్రత, పవర్ సప్లై, రెయిడ్ కార్డు. 'సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్' అన్న ఆదేశం ఆ యంత్రం వీఎం అవునో కాదో, అయితే ఏ రకమో చెబుతుంది. దాని ఆధారంగా టెంప్లేట్లను రెండుగా విడదీయండి. ఆ తనిఖీలు హోస్టుల మీద మాత్రం తప్పకుండా ఉండాలి. వీఎంలలో తీసేసిన ఉత్సాహంలో అక్కడా తీసేయకండి.

మల్టీపాత్ (ఒకే డిస్కును ఒకటికి మించిన దారుల్లో చేరే ఏర్పాటు) సంగతి వేరు. వీఎంవేర్ వీఎం సెట్టింగుల్లో 'డిస్క్ డాట్ ఎనేబుల్ యూయూఐడీ' అన్నది పెట్టకపోతే వర్చువల్ డిస్కు తన గుర్తింపు సంఖ్యను గెస్టుకు చెప్పదు. మల్టీపాత్ సర్వీసేమో 'ఎస్‌డీఏ: యాడ్ మిస్సింగ్ పాత్' అంటూ కొన్ని సెకన్లకొకసారి ఆ సంఖ్య కోసం అడుగుతూ, దొరకలేదని రాస్తూ ఉంటుంది. వీఎంను ఆపి ఆ సెట్టింగును 'ట్రూ' చేసి మళ్లీ ఆన్ చేయండి. ఆపడం కుదరకపోతే, మల్టీపాత్ స్టోరేజి మీరు నిజంగా వాడడం లేదని రూఢి చేసుకుని ఆ సర్వీసునే ఆపేయవచ్చు.

ప్రశ్న: ఒక టెంప్లేటు నుంచి క్లోన్ చేసిన రెండు వీఎంలలో ఒకటి పైకి వస్తే రెండోది డౌన్ అంటుంది, కాసేపటికి తారుమారవుతుంది. రెండింటికీ పేర్లు వేరు, మ్యాక్ చిరునామాలు వేరు.

జవాబు: 'ఈటీసీ' డైరెక్టరీలోని 'మెషీన్-ఐడీ' ఫైలును రెండింటిలోనూ తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్క అక్షరం కూడా తేడా ఉండదని నా అంచనా. ఉబుంటు 18.04 నుంచి డీహెచ్‌సీపీ ద్వారా ఐపీ చిరునామా అడిగేటప్పుడు గుర్తింపుగా పంపేది మ్యాక్ చిరునామాను కాదు, ఆ ఐడీ నుంచి పుట్టిన సంఖ్యను. అందుకే రెండింటికీ ఒకే ఐపీ చిరునామా దక్కి, దానికోసం పోట్లాడుకుంటున్నాయి. టెంప్లేటులో ఆ ఫైలును ఖాళీ చేసి ఉంచితే ప్రతి క్లోనూ మొదటి బూట్‌లో కొత్తది తయారుచేసుకుంటుంది. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలూ, మానిటరింగ్ ఏజెంటులో రాసి ఉన్న పేరూ ఒకటే అయిపోయాయేమో అదే చేత్తో చూసుకోండి.

ప్రశ్న: మా బృందానికి రోజుకు 400 అలర్టు మెయిళ్లు వస్తాయి. అందరం ఫిల్టరు పెట్టుకుని ఒక ఫోల్డరులోకి తోసేశాం. ఒక్కొక్కటీ సరిచేసే తీరిక లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆ ఫోల్డరు గురించి నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట నేనూ అలాంటిదే పెట్టుకున్నాను. వీఎంల డిస్కులన్నీ థిన్ పద్ధతిలో ఇచ్చాం, అంటే మాట ఇచ్చిన జాగా డేటాస్టోర్‌లో ఉన్న జాగా కంటే ఎక్కువ. డేటాస్టోర్ 85 శాతం నిండిందన్న మెయిలు మంగళవారం వచ్చింది, 95 శాతం మెయిలు గురువారం వచ్చింది, రెండూ ఆ ఫోల్డరులోనే పడ్డాయి. శుక్రవారం పొద్దున వీఎంలు ఒక్కొక్కటే రాయడానికి చోటు లేక ఆగిపోయాయి. ప్రతి గెస్టు లోపలా డిస్కు సగం ఖాళీగానే కనబడుతోంది. హోస్టు చెప్పిన మాట ఒక్కటే నిజం, అది చేరవలసిన మనిషికి చేరలేదు. ఆ మెయిళ్లు తర్వాత తవ్వి తీసినప్పుడు కలిగిన బాధ నాకింకా గుర్తుంది.

కాబట్టి ఇలా మొదలుపెట్టండి. గత ఏడు రోజుల మెయిళ్లను తనిఖీ పేరును బట్టి లెక్కపెట్టి, ఎక్కువ వచ్చినదాన్ని పైన వేయండి. సాధారణంగా పైనున్న నాలుగైదు తనిఖీల నుంచే సగానికి పైగా వస్తుంటాయి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఇది వచ్చినప్పుడు మనం చేసే పనేమిటి అని బృందమంతా కలిసి అడగండి. చేసే పని లేకపోతే అది అలర్టుగా ఉండనక్కర్లేదు, గ్రాఫుగా ఉంటే చాలు. పని ఉంది కానీ తెల్లవారాక చేసినా పరవాలేదంటే టికెట్టుగా మార్చండి. థ్రెషోల్డ్ అంచున ఊగిసలాడే వాటికి మోగే గీత, ఆగే గీత వేరువేరుగా పెట్టండి. 90 దగ్గర మోగింది 80కి దిగాకే ఆగాలి. హోస్టు పడిపోతే దాని మీది ఇరవై వీఎంలూ విడివిడిగా కేకలు పెట్టకుండా, నాగియోస్‌లో పేరెంట్ సంబంధాలు, ప్రొమీథియస్ అలర్టులను పంపే అలర్ట్‌మేనేజర్‌లో ఇన్హిబిషన్ (ఒక అలర్టు మోగితే మరికొన్నింటిని ఆపే) నియమాలు రాయండి. వారానికి రెండు తనిఖీలు సరిచేసినా చాలు. ఆ ఫోల్డరు ఫిల్టరును మాత్రం ఈరోజే తీసేయండి. డేటాస్టోర్ అలర్టులు ఆలోపు ఫోనుకు వచ్చేలా చూసుకోండి.

ప్రశ్న: మేం ఆ పనంతా చేశాం. ఇప్పుడు పది రోజులుగా ఒక్క అలర్టు కూడా రాలేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది.

జవాబు: ఆ భయం సరైనదే, దానికి విరుగుడు కూడా ఉంది. ఎప్పుడూ మోగుతూనే ఉండే అలర్టు ఒకటి తయారుచేసి, దాన్ని మనుషులకు కాకుండా మీ మానిటరింగ్‌కు సంబంధం లేని మరో చోట నడిచే చిన్న ప్రోగ్రాముకు పంపండి. ఆ కబురు పది నిమిషాలు ఆగితే ఆ ప్రోగ్రాము మీ ఫోనుకు చెప్పాలి. ఆ ప్రోగ్రామును మానిటరింగ్ సర్వరు ఉన్న హోస్టు మీదే పెట్టకండి. ఇక నెలకొకసారి, పగటి వేళ, ఒక పరీక్ష వీఎంలో 'ఎఫ్ఎలొకేట్' ఆదేశంతో పెద్ద ఫైలు సృష్టించి డిస్కు నింపండి, మరో వీఎంలో ఏజెంటును ఆపేయండి, గడియారం చూసుకుంటూ కూర్చోండి. ఎన్ని నిమిషాలకు ఎవరి ఫోను మోగిందో రాసి పెట్టుకోండి. ఎవరిదీ మోగకపోతే ఆ సాయంత్రం ఇంకే పనీ పెట్టుకోకండి.